విండోస్‌ను పడుకోబెట్టి వైరస్‌ను వెతకడం ఎలా

2011 వేసవిలో చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ ఒకదాని అకౌంటెంట్ బాబాయ్ సీపీయూని స్కూటర్ ముందు పెట్టుకుని, ఎండలో ఒంగోలు దాకా వచ్చాడు. కర్నూలు రోడ్డులో మా సర్వీస్ షాపు పెట్టి అప్పటికి రెండేళ్లు. గూగుల్‌లో ఏది వెతికి నొక్కినా సంబంధం లేని పేజీలు తెరుచుకుంటున్నాయట. బ్యాంకు సైటు తెరవాలంటేనే టెన్షన్‌గా ఉందన్నాడు. నేను సిస్టమ్ ఆన్ చేశాను. స్క్రీన్ కింది మూలన యాంటీవైరస్ బొమ్మ, దాని మీద పచ్చ టిక్కు. ఫుల్ స్కాన్ పెట్టాను. రెండు గంటలు తిరిగి, ఏ ముప్పూ లేదని చెప్పింది.

"పచ్చ టిక్కు ఉంది కదమ్మా, మరి ఇదంతా ఏంది?" అన్నాడు బాబాయ్.

షాపులో ఒక సీడీ ఉండేది. కాస్పర్‌స్కీ వాళ్లు ఉచితంగా ఇచ్చే రెస్క్యూ డిస్క్. హార్డ్ డిస్క్‌లోని విండోస్‌ను అసలు లేవనివ్వకుండా, సీడీలోని చిన్న లినక్స్‌తో (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) కంప్యూటర్‌ను లేపి, అక్కడి నుంచి డిస్క్‌ను వెతికే ఏర్పాటు అది. సీడీ పెట్టి మళ్లీ ఆన్ చేశాను. పట్టుమని పది నిమిషాలు కాకముందే ఎర్ర గీత పడింది: డిస్క్ మొదట్లో, బూట్ రికార్డులో, టీడీఎస్ఎస్ అనే రూట్‌కిట్. ఒకే డిస్క్, ఒకే మధ్యాహ్నం. మొదటిసారి వెతికినప్పుడు విండోస్ నడుస్తోంది, రెండోసారి నడవడం లేదు. తేడా అంతే.

ఆ రోజు నుంచి అనుమానం వచ్చిన ఏ కంప్యూటర్‌నైనా నేను బయట నుంచే చూస్తున్నాను. ఇంట్లో మీరే ఆ పని ఎలా చేసుకోవచ్చో ఇక్కడ రాస్తున్నాను. ముందు కారణం కాస్త వివరంగా చెబుతాను. అది తెలిస్తే మధ్యలో ఏ మెట్టూ దాటేయరు.

లోపలి యాంటీవైరస్‌కు ఎందుకు కనపడదు

యాంటీవైరస్ కూడా ఒక ప్రోగ్రామే. డిస్క్‌లో ఏముందో అది తనంతట తాను వెళ్లి చూడదు, విండోస్‌ను అడుగుతుంది. "ఈ ఫోల్డర్‌లో ఏమేం ఫైళ్లున్నాయి? ఈ ఫైలులో ఏం రాసి ఉంది?" అని అడిగితే విండోస్ జవాబు తెచ్చి ఇస్తుంది. పొగాకు గోడౌన్‌లో ఎన్ని బేళ్లున్నాయో తెలుసుకోవాలంటే రెండు దారులున్నాయి. గుమాస్తాను అడగొచ్చు, లేదా మనమే లోపలికెళ్లి లెక్కపెట్టొచ్చు. గుమాస్తా మంచివాడైనంత కాలం రెండు లెక్కలూ ఒకటే. వాడే దొంగలతో కలిసిపోతే, లేని బేళ్లు ఉన్నాయని చెబుతాడు. కంచే చేను మేసినట్టన్న మాట. రూట్‌కిట్ అంటే ఆ గుమాస్తా చెవిలో కూర్చున్న దొంగ. విండోస్ కెర్నెల్‌లో, అంటే అన్నిటినీ నడిపించే దాని నడిబొడ్డున చేరి, యాంటీవైరస్ అడిగినప్పుడల్లా తన పేరు తీసేసి మిగతా జాబితా అందిస్తుంది.

బాబాయ్ కంప్యూటర్‌లో జరిగింది అదే. డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లను మాస్టర్ బూట్ రికార్డ్ అంటారు. పాత పద్ధతి కంప్యూటర్లలో విండోస్ కంటే ముందు నడిచేది అదే. ఆ రూట్‌కిట్ తన కోడ్‌ను అక్కడ పెట్టుకుంది. యాంటీవైరస్ ఆ 512 బైట్లు చూపించమన్నప్పుడు, ముందే దాచుకున్న మంచి కాపీని చూపించింది. పాపం, యాంటీవైరస్ దాన్నే చూసి పచ్చ టిక్కు పెట్టింది.

ఈ ఎత్తు కొత్తదేమీ కాదు. పీసీలకు వచ్చిన మొదటి వైరస్‌గా చెప్పుకునే బ్రెయిన్ 1986లో లాహోర్ నుంచి బయల్దేరింది. ఫ్లాపీ బూట్ సెక్టార్‌లో కూర్చునేది. ఎవరైనా ఆ సెక్టార్‌ను చదవబోతే, వేరేచోట దాచిన అసలు సెక్టార్‌ను చూపించేది. అందుకే ఆ కాలంలో వైరస్ వెతకాలంటే ముందు రాత తాళం వేసిన శుభ్రమైన ఫ్లాపీతో కంప్యూటర్‌ను లేపేవాళ్లు. ఇప్పుడు మనం పెన్ డ్రైవ్‌తో చేసేది అదే పని. తర్వాత 2005లో సోనీ బీఎంజీ పాటల సీడీలు పెడితే కంప్యూటర్‌లో ఒక రూట్‌కిట్ చేరుతోందని విండోస్ నిపుణుడు మార్క్ రుసినోవిచ్ బయటపెట్టాడు. ఒక ప్రత్యేకమైన గుర్తుతో పేరు మొదలయ్యే ఏ ఫైలునైనా విండోస్‌కు కనపడకుండా చేసేది అది. 2010 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ ఇస్తే, కొన్ని కంప్యూటర్లు నీలం తెర పడి లేవలేదు. వెతికితే ఆ కంప్యూటర్లలో అల్యూరియాన్ అనే రూట్‌కిట్ ముందే ఉందని తేలింది. టీడీఎస్ఎస్‌కు మైక్రోసాఫ్ట్ పెట్టుకున్న పేరే అల్యూరియాన్. అప్‌డేట్ పడే దాకా అది ఉన్నట్టు ఆ కంప్యూటర్ల సొంతదారుల్లో చాలామందికి తెలియనే తెలియదు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. లోపలి కాపలావాడు దొంగ కంటే బలంగా ఉండాలని, యాంటీవైరస్ కంపెనీలు తమ డ్రైవర్లను కెర్నెల్ దాకా దించాయి. అక్కడ తప్పు జరిగితే మొత్తం ఇల్లే కూలుతుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు ఫైలుతో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసి కూర్చున్నాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. ఎన్నో విమానాలు ఆగిపోయాయి. ఆ కంప్యూటర్లలో చాలావాటిని లేపడానికి మనుషులు ఒక్కోదాని దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లోకి దిగి, ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాతే, యాంటీవైరస్‌లు కెర్నెల్ బయట ఉండి పనిచేసేలా విండోస్‌లో మార్పులు చేస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది.

లోపలి యాంటీవైరస్ అక్కర్లేదని నేను అనడం లేదు. వైరస్ గడప దాటకముందే పట్టేది అదే, రోజూ ఉండాల్సిందే. కానీ ఒకసారి దొంగ లోపలికి వచ్చాడనే అనుమానం కలిగాక, లోపలివాడి మాట ఒక్కటే నమ్మకూడదు. తనిఖీ చేసేది విండోస్ మీద ఆధారపడనిదై ఉండాలి.

అసలు అనుమానం నిజమేనా

షాపుకి "వైరస్ వచ్చింది అక్కా" అని తెచ్చే వాటిలో చాలావరకు వైరస్‌లు కావు. కింది మూలన "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి" అని ఎర్ర బాక్సులు వస్తుంటాయి. అవి ఎక్కువగా క్రోమ్ నోటిఫికేషన్లు. ఏదో సినిమా సైటులో 'అలౌ' నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి తెలియని సైట్లన్నీ తీసేయండి. ఎక్స్‌టెన్షన్ల జాబితా కూడా చూసి, మీరు పెట్టనివి తీసేయండి. బాక్సులు ఆగిపోతే పని అయిపోయినట్టే.

ఇవి కనిపిస్తే మాత్రం బయట నుంచి చూడాల్సిందే: యాంటీవైరస్ దానంతట అదే ఆగిపోయి మళ్లీ ఆన్ కాకపోవడం, యాంటీవైరస్ కంపెనీల సైట్లు మాత్రమే తెరుచుకోకపోవడం, తీసేసిన వైరస్ రీస్టార్ట్ కాగానే మళ్లీ రావడం, బ్యాంకు పేజీలో ఎప్పుడూ అడగనివి అడగడం, మీ మెయిల్ నుంచి మీరు పంపని ఇన్‌వాయిస్ వెళ్లడం. గ్రానైట్ ఎగుమతి చేసేవాళ్లకు ఈ చివరిది చాలా ప్రమాదం. కొనేవాడికి బ్యాంకు ఖాతా నంబరు మార్చిన బిల్లు వెళ్తే డబ్బు ఎటో పోతుంది. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే స్కాన్ తర్వాత చూసుకోవచ్చు, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకు చెప్పండి. అందులో ప్రతి నిమిషమూ విలువైనదే.

మొదలుపెట్టే ముందు

నెట్ తీసేయండి. కేబుల్ ఉంటే పీకేయండి, వైఫై ఆపండి. ఆ కంప్యూటర్‌లో ఇక ఏ పాస్‌వర్డూ టైప్ చేయకండి. మీ పెన్ డ్రైవ్‌లు, ఫోన్ దానికి తగిలించకండి.

తర్వాత బిట్‌లాకర్ సంగతి. ఇది చూడకుండా ముందుకు పోయి ఇబ్బంది పడినవాళ్లు చాలామంది. ఈమధ్య కొన్న విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్క్‌కు ఈ బిట్‌లాకర్ తాళం దానంతట అదే పడుతుంది. తాళం ఉన్న డిస్క్‌ను బయట నుంచి చూస్తే అర్థం లేని అక్షరాలే కనిపిస్తాయి. ఏ స్కానరూ ఏమీ చేయలేదు. దాన్ని తెరవడానికి 48 అంకెల రికవరీ కీ కావాలి. మీ ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా సైటు తెరిచి, డివైసెస్‌లో మీ ల్యాప్‌టాప్ పేరు మీద నొక్కితే ఆ కీ ఉంటుంది. కాగితం మీద రాసుకుని, ఇంకొకరితో చదివించి సరిచూసుకోండి. బూట్ సెట్టింగులు కదిపినప్పుడు విండోస్ కూడా ఈ కీనే అడుగుతుంది. ఆ కీ లేకుండా వచ్చిన కస్టమర్ల డిస్క్‌లో నేనేమీ తెరవలేకపోయాను, ఎవరూ తెరవలేరు.

మీరు ఎంచుకున్న రెస్క్యూ డిస్క్‌లో ఆ కీ ఇచ్చే చోటు లేకపోతే ఒక దారి ఉంది. లినక్స్ మింట్ లైవ్ పెన్ డ్రైవ్‌తో లేస్తే, ఆ డిస్క్ మీద నొక్కగానే కీ అడుగుతుంది, ఇస్తే తెరుచుకుంటుంది. మీ ఫైళ్లు కాపీ చేసుకోవడానికి అది చాలు.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. స్కాన్ మధ్యలో, ముఖ్యంగా ఫైలు బాగుచేసే సమయంలో కరెంటు పోతే ఆ ఫైలు సగంలో ఆగిపోతుంది. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ మీద పెట్టండి, ల్యాప్‌టాప్‌కు చార్జర్ తగిలించే ఉంచండి.

మొదటి మెట్టు: విండోస్ దగ్గరే ఉన్న ఆఫ్‌లైన్ స్కాన్

విండోస్ 10లో, 11లో ఇది ముందే ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. నెట్ పీకేయకముందే ఒకసారి డిఫెండర్ (విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్) అప్‌డేట్ చేసి ఉంటే మంచిది. స్టార్ట్ మెనూలో విండోస్ సెక్యూరిటీ తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి, స్కాన్ ఆప్షన్స్ నొక్కండి. జాబితాలో అట్టడుగున మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది. ఎంచుకుని స్కాన్ నౌ నొక్కితే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. మామూలు విండోస్ లేవకుండా రికవరీ భాగం ఒక్కటే లేచి, అక్కడి నుంచి స్కాన్ జరుగుతుంది. పావుగంట అటూ ఇటూగా పడుతుంది. మళ్లీ విండోస్ లేచాక ప్రొటెక్షన్ హిస్టరీలో ఏం దొరికిందో చూడొచ్చు. వేరే కంపెనీ యాంటీవైరస్ ఉన్నవాళ్లకు ఈ మెనూ కనపడకపోతే, అదే పేజీలో పీరియాడిక్ స్కానింగ్ ఆన్ చేస్తే వస్తుంది.

ఇది మంచి మొదటి మెట్టు. కానీ పూర్తిగా బయట నుంచి చూసినట్టు కాదని గుర్తుంచుకోండి. ఆ రికవరీ భాగం ఉన్నది అదే డిస్క్‌లో, దాన్ని లేపమని చెప్పింది అనుమానం ఉన్న విండోసే. ఇందులో ఏమీ దొరక్క అనుమానం అలాగే ఉంటే, రెండో మెట్టు ఎక్కండి.

రెండో మెట్టు: రెస్క్యూ పెన్ డ్రైవ్

పెన్ డ్రైవ్ తయారు చేయాల్సింది వేరే కంప్యూటర్‌లో. జబ్బు పడిన దాంట్లో తయారు చేస్తే, దొంగ చేతికే తాళాల గుత్తి ఇచ్చినట్టు. 8 జీబీ పెన్ డ్రైవ్ చాలు, దాంట్లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. కాస్పర్‌స్కీ రెస్క్యూ డిస్క్, డాక్టర్ వెబ్ లైవ్‌డిస్క్ ఇలాంటివి, ఉచితంగా దొరుకుతాయి. మన పుణె కంపెనీ క్విక్ హీల్ వాడేవాళ్లకు దాంట్లోనే ఎమర్జెన్సీ డిస్క్ తయారుచేసుకునే వీలుంది. నా సలహా ఒకటే: లోపల ఏ కంపెనీ యాంటీవైరస్ ఉందో, బయట నుంచి చూసేది ఆ కంపెనీది కాకుండా ఇంకొకటి తీసుకోండి. ఒక కంటికి తప్పింది ఇంకో కంటికి దొరుకుతుంది.

కంపెనీ సొంత సైటు నుంచే డౌన్‌లోడ్ చేయండి. వెతికితే పైన వచ్చే ప్రకటనల మీద నొక్కకండి. ఐఎస్ఓ ఫైలు (మొత్తం డిస్క్‌ను ఒకే ఫైలుగా చేసింది) వచ్చాక, కంపెనీ పేజీలో ఎస్‌హెచ్‌ఏ-256 అనే పొడుగాటి సంఖ్య ఇచ్చి ఉంటే, ఫైలు మధ్యలో మారలేదని తెలియడానికి సరిచూడండి. సెవెన్-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఆ సంఖ్య తీయొచ్చు. మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు చూసి వదిలేయకండి, మొత్తం చూడండి. తర్వాత రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఆ ఫైలును పెన్ డ్రైవ్‌కు ఎక్కించండి. ఐదు పది నిమిషాల పని.

ఇక జబ్బు పడిన కంప్యూటర్ దగ్గరికి. విండోస్‌లో మామూలుగా షట్ డౌన్ నొక్కితే అది పూర్తిగా ఆగదు. ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉండి, సగం నిద్రలో ఉంచుతుంది. అలా ఉన్న డిస్క్‌ను లినక్స్ చదువుతుంది కానీ రాయడానికి ఒప్పుకోదు, కాబట్టి వైరస్ దొరికినా తీసేయడం కుదరదు. షిఫ్ట్ పట్టుకుని షట్ డౌన్ నొక్కండి, అప్పుడు పూర్తిగా ఆగుతుంది.

పెన్ డ్రైవ్ పెట్టి, పవర్ బటన్ నొక్కిన వెంటనే బూట్ మెనూ తెరిచే కీ టకటకా నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవోలకు ఎక్కువగా ఎఫ్12. హెచ్‌పీకి ఎఫ్9. ఆసుస్ ల్యాప్‌టాప్‌కు ఎస్కేప్. ఏసర్‌కు ఎఫ్12 కానీ, బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రామ్) దాన్ని ముందు ఆన్ చేయాల్సి రావొచ్చు. షాపుల్లో కట్టించిన డెస్క్‌టాప్ అయితే గిగాబైట్ బోర్డుకు ఎఫ్12, ఎంఎస్‌ఐ బోర్డుకు ఎఫ్11. వచ్చిన జాబితాలో పెన్ డ్రైవ్ పేరు ఎంచుకోండి. విండోస్ గుర్తు కనిపించిందంటే సరైన సమయానికి నొక్కలేదని అర్థం, ఆపి మళ్లీ మొదలుపెట్టండి. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేనిదాన్ని కంప్యూటర్ లేవనివ్వని కాపలా) వల్ల పెన్ డ్రైవ్ లేవకపోతే, బయోస్‌లో దాన్ని తాత్కాలికంగా ఆపి, పని అయ్యాక తప్పకుండా మళ్లీ ఆన్ చేయండి. బిట్‌లాకర్ కీ చేతిలో లేకుండా మాత్రం దాన్ని ముట్టుకోకండి.

డిస్కే కనపడకపోతే కంగారు పడకండి. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే సెట్టింగ్ వల్ల ఎస్‌ఎస్‌డీ లినక్స్‌కు దొరకకపోవచ్చు. దాన్ని ఊరికే మార్చేస్తే విండోస్ లేవడం మానేస్తుంది. అక్కడ ఆగి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

స్కాన్ కంటే ముందు కాపీ

ఈ మాట నేను తప్పు చేసి నేర్చుకున్నాను. 2013లో కొత్తపట్నం వైపు రొయ్యల మేత వ్యాపారి సిస్టమ్ వచ్చింది. సాలిటీ అనే వైరస్. అది విడిగా ఒక ఫైలుగా ఉండదు, ఉన్న ప్రతి ప్రోగ్రామ్ ఫైలులోనూ దూరుతుంది. బయట నుంచి స్కాన్ పెట్టాను, వందల ఎర్ర గీతలు వచ్చాయి. తొందరలో అన్నిటికీ డిలీట్ కొట్టాను. వైరస్ పోయింది. దానితో పాటే ట్యాలీ ప్రోగ్రామ్, విండోస్‌కు కావాల్సిన ఫైళ్లు కూడా పోయాయి. విండోస్ లేవలేదు. నేను ముందుగా కాపీ తీయలేదు. ఆయన రైతులకు ఇచ్చిన అప్పుల లెక్కంతా అందులోనే ఉంది. ఆ సాయంత్రం షట్టర్ సగం దించి, డిస్క్ విప్పి, ఇంకో సిస్టమ్‌కు తగిలించి డేటా ఫోల్డర్ కోసం వెతుకుతుంటే నా చేతులు వణికాయి. అదృష్టం కొద్దీ డేటా ఫైళ్లు ప్రోగ్రామ్ ఫైళ్లు కావు కాబట్టి వాటి జోలికి ఎవరూ పోలేదు. రాత్రి తొమ్మిదింటికి ఆయనకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. లెక్క భద్రంగా ఉందని చెప్పేదాకా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

అందుకే రెస్క్యూ డిస్క్ లేవగానే, స్కాన్ బటన్ ముట్టుకోకముందే దాంట్లోని ఫైల్ మేనేజర్ తెరవండి. ఖాళీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి మీ డాక్యుమెంట్లు, ఫొటోలు కాపీ చేయండి. ట్యాలీ డేటా అంకెల పేరున్న ఫోల్డర్లలో ఉంటుంది, 10000 లాంటి పేరుతో. డేటా అనే పెద్ద ఫోల్డర్ మొత్తం తీసుకోండి. ప్రోగ్రామ్‌లు, సెటప్ ఫైళ్లు మాత్రం కాపీ చేయకండి. విండోస్ నిద్రలో ఉంది కాబట్టి ఇప్పుడు తగిలించిన డిస్క్‌కు వైరస్ అంటదు. లోపలి నుంచి కాపీ చేసి ఉంటే ఆ భరోసా ఉండేది కాదు.

ఇప్పుడు స్కాన్. నెట్ అవసరమైతే ఈ దశలో కేబుల్ తగిలించవచ్చు, వైరస్ జాబితా తాజాగా తెచ్చుకోవడానికి. నడుస్తున్నది రెస్క్యూ డిస్క్ కాబట్టి భయం లేదు. సెట్టింగ్స్‌లో బూట్ సెక్టార్లు, అన్ని డ్రైవులు టిక్కు పెట్టండి. సీ డ్రైవ్ ఒక్కటే చూసి ఆపొద్దు. పాత హార్డ్ డిస్క్ అయితే మూడు నాలుగు గంటలు పట్టిన రోజులున్నాయి. ఎస్‌ఎస్‌డీ అయితే చాలా త్వరగా అవుతుంది.

దొరికినవాటి విషయంలో వరుస ఇది: బాగుచేసే వీలుంటే ముందు అది, లేకపోతే క్వారంటైన్ (చెరపకుండా విడిగా బంధించి ఉంచడం), అది కూడా కుదరకపోతేనే డిలీట్. విండోస్ ఫోల్డర్‌లోని ఫైలు పేరు కనిపిస్తే ఇంకా నెమ్మది. పేరు రాసుకుని, ఫోన్‌లో వెతికి, అప్పుడు నిర్ణయించండి. పగలగొట్టిన సాఫ్ట్‌వేర్, యాక్టివేటర్లు, క్రాక్ ఫైళ్లు కనిపిస్తే ఆలోచించకుండా తీసేయండి. షాపుకి వచ్చే జబ్బుల్లో సగానికి వేరు అక్కడే ఉంటోంది.

బూట్ రికార్డులో ఏదైనా దొరికితే, లేదా పాస్‌వర్డ్‌లు దొంగిలించే రకం దొరికితే, నేను శుభ్రం చేసి ఊరుకోను. డేటా తీసి, డిస్క్ మొత్తం చెరిపి విండోస్ కొత్తగా వేస్తాను. బాబాయ్‌కు కూడా అదే చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. "గ్రానైట్ బ్లాకు మీద నీళ్లు పోస్తే గీత బయటపడుద్దమ్మా. పైన అంతా ఆరిపోయినా గీత దగ్గర తడి నిలబడుద్ది. అట్టాంటి బ్లాకును ఎంత పాలిష్ కొట్టినా లాభం లేదు" అన్నాడు. అప్పటి నుంచి కస్టమర్లకు ఈ పద్ధతి చెప్పేటప్పుడు నేను ఆయన మాటే చెబుతున్నాను.

పెన్ డ్రైవ్‌కే వైరస్ పడితే

ఇది జిరాక్స్ షాపుల నుంచి రోజూ వచ్చే కేసు. పోయిన సంవత్సరం ఒక పాలిటెక్నిక్ అబ్బాయి ప్రాజెక్టు రిపోర్టు ప్రింటుకు ఇచ్చి, తిరిగి ఇంట్లో తెరిస్తే ఏమీ లేదని ఏడుపు మొహంతో వచ్చాడు. విండోస్‌లో చూస్తే ఒకే ఒక షార్ట్‌కట్, దానికి పెన్ డ్రైవ్ పేరే పెట్టి ఉంది. దాన్ని నొక్కితే ఫైళ్లు వచ్చినట్టే వస్తాయి, వెనకాల వైరస్ కూడా నడుస్తుంది. దాన్ని నొక్కనివ్వకుండా, మా షాపులో లినక్స్ మింట్ ఉన్న సిస్టమ్‌కు తగిలించాను. తెర మీద మూడు కనిపించాయి: ఆ షార్ట్‌కట్, వీబీఎస్ తోక ఉన్న ఒక ఫైలు, పేరే లేని ఒక ఫోల్డర్. దాని పేరు నిజానికి కంటికి కనపడని ఖాళీ అక్షరం. తెరిస్తే రిపోర్టు, ఫొటోలు, వాళ్ల అక్క పెళ్లి వీడియో, అన్నీ అందులోనే ఉన్నాయి.

దాచిపెట్టమని విండోస్‌కు పెట్టే గుర్తును లినక్స్ పట్టించుకోదు, విండోస్ కోసం రాసిన వీబీఎస్ అక్కడ నడవదు. అబ్బాయి ఫైళ్లు కాపీ చేసి, పెన్ డ్రైవ్ ఫార్మాట్ చేసి, మళ్లీ ఎక్కించి ఇచ్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. "ఇవి ఇందాక ఎందుకు కనపళ్లేదక్కా?" అని అడిగాడు. గోడౌన్ గుమాస్తా కథ వాడికీ చెప్పాను. వాళ్లింట్లో ల్యాప్‌టాప్ కూడా తెమ్మన్నాను. అది కూడా పట్టుకొచ్చాడు. అందులోనూ ఉంది.

బయట నుంచి చూసినా దొరకనివి

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌ను రాన్సమ్‌వేర్ అంటారు. అది తాళం వేసిన ఫైళ్లను ఈ స్కాన్ తెరవదు. ఆ వైరస్‌ను మాత్రమే తీస్తుంది. అలాంటప్పుడు తాళం పడిన ఫైళ్లను చెరపకుండా ఒక డిస్క్‌లో దాచుకోండి. నో మోర్ రాన్సమ్ అనే సైటును డచ్ పోలీసులు, యూరోపోల్, యాంటీవైరస్ కంపెనీలు కలిసి 2016 నుంచి నడుపుతున్నాయి. మీ రకానికి తాళం చెవి దొరికి ఉంటే అక్కడ ఉచితంగా ఇస్తారు.

ఇంకా లోతున, మదర్‌బోర్డు చిప్‌లో దాక్కునేవీ ఉన్నాయి. 2018లో ఈసెట్ కంపెనీ బయటపెట్టిన లోజాక్స్ అలాంటిదే. డిస్క్ మార్చినా పోదు, బయోస్ మళ్లీ రాయాల్సిందే. మామూలు ఇళ్లకు, షాపులకు ఇది వచ్చే అవకాశం చాలా తక్కువ. అయినా మీ బోర్డు కంపెనీ ఇచ్చే బయోస్ అప్‌డేట్ వేసుకోవడం, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచడం మంచిది. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ అని ఒకటి ఉంటుంది, దాన్ని కూడా ఆన్ చేయండి. కెర్నెల్‌లో ఏ కోడ్ నడవొచ్చో చూసే పనిని అది కెర్నెల్ చేతిలో వదలకుండా, దాని కింద విడిగా ఉండే పొరకు అప్పగిస్తుంది. రోజూ నడిచే విండోస్‌లో ఈ పద్ధతికి దగ్గరగా వచ్చేది అదే.

అన్నీ అయ్యాక పెన్ డ్రైవ్ తీసి విండోస్ లేపండి. అప్‌డేట్లన్నీ వేయండి. మెయిల్, బ్యాంకు, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి, మెయిల్‌లో మీరు పెట్టని ఫార్వర్డింగ్ ఏదైనా ఉందేమో చూడండి.

బాబాయ్ ఇప్పుడు రిటైరయ్యాడు. ఆ ఆఫీసులో ఆయన కుర్చీలోకి వచ్చిన అమ్మాయి సొరుగులో ఒక రెస్క్యూ పెన్ డ్రైవ్ ఉంటుంది. దాని మీద తెల్ల ప్లాస్టర్ అంటించి తేదీ రాసుకుంది. మూడు నెలలకోసారి మా షాపుకి వచ్చి కొత్త ఐఎస్ఓ ఎక్కించుకుని, పాత తేదీ కొట్టేసి కొత్త తేదీ వేసుకుంటుంది. ప్లాస్టర్ మీద ఇక చోటు లేదు, ఈసారి వచ్చినప్పుడు మార్చాలి.